గాలికి ఎదురు నడక

జులైలో ఓచివరోంగో చుట్టుపక్కల ఏడున్నర అయితే గానీ పొద్దు పొడవదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా మాత్రమే వేటకు నమీబియా చట్టం ఒప్పుకుంటుంది. రాత్రి వేట నేరం. అందుకే ఆరింటికల్లా తయారైపోయిన అతిథికి చేసేందుకు పనేమీ లేదు. బవేరియా నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి ఉన్నిటోపీ చెవుల మీదికి లాక్కుని, వేడి కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుని ఫాంహౌస్ వరండాలో కూర్చున్నాడు. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని వచ్చినవాళ్లను ఈ చలి ముందు కాస్త కంగారు పెడుతుంది. భూమధ్యరేఖకు అటువైపు ఇది నడి చలికాలం, పైగా దాదాపు 1,450 మీటర్ల ఎత్తున్న పీఠభూమి. పశువుల నీళ్లతొట్టి అంచున కొన్ని ఉదయాల్లో పలుచగా మంచు కూడా పేరుకుంటుంది.

రాజధాని విండ్‌హుక్ నుంచి ఉత్తరంగా 250 కిలోమీటర్లు వస్తే ఓచివరోంగో. నమీబియా విస్తీర్ణం 8.25 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపిన దానికి మూడు రెట్లు. జనం మాత్రం 2023 లెక్కల ప్రకారం 30 లక్షల పైచిలుకు, హైదరాబాద్‌లో సగం కూడా లేరు. ఊరు దాటాక గంటసేపు ప్రయాణించినా రోడ్డు పక్కన కనిపించేవి కంచెలు, గేట్లు, ముళ్లపొదలే. ఒక్కో ఫాం వేల హెక్టార్లు. పశువులూ అక్కడే మేస్తాయి, అడవి జంతువులూ అక్కడే మేస్తాయి. పశువుల కంచెను కూడూ అనే జింకజాతి జంతువు ఒక్క దూకుతో దాటేస్తుంది. గెమ్స్‌బాక్ కింద సందు వెతుక్కుని దూరిపోతుంది.

ఈరోజు కావాల్సింది గెమ్స్‌బాక్. ఒరిక్స్ అన్నా అదే. నమీబియా రాజచిహ్నంలో డాలుకు రెండువైపులా నిలబడి ఉండేది ఇదే. ఎత్తులో ఇంచుమించు మన మనుబోతంత ఉంటుంది, మగది 240 కిలోల దాకా తూగుతుంది. బూడిదరంగు ఒళ్లు, ముసుగు తొడిగినట్టు నలుపు తెలుపు చారల ముఖం, నెత్తిన బల్లేల్లాంటి రెండు కొమ్ములు. దుప్పికి ఏటా కొమ్ములు రాలి కొత్తవి వస్తాయి, దీనికి అలా కాదు, ఒకసారి వచ్చినవే చచ్చేదాకా. ఆడదానికీ కొమ్ములుంటాయి, పైగా మగదానివాటి కంటే పొడుగ్గా, సన్నగా ఉంటాయి. కొమ్ముల పొడవే లెక్కగా ఉండే ట్రోఫీ వేటలో ఆడజంతువు కోసం వెతికే అరుదైన సందర్భం ఇది.

ముందురోజు సాయంత్రమే రైఫిల్ పరీక్ష జరిగింది. విమానంలో వచ్చిన తుపాకీ దూర్బీను అటూ ఇటూ అదిరి ఉండొచ్చు, అందుకని వంద మీటర్ల దూరంలో అట్టపెట్టె నిలబెట్టి మూడు తూటాలు కాల్పించారు. అది పైకి చెప్పే కారణం. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు అసలు గమనించేది మనిషిని. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూస్తాడా, భుజం ముందుగానే బిగబట్టేస్తాడా, తప్పితే తుపాకీని తిడతాడా అని. తుపాకీ సంగతి చట్టమే చూసుకుంటుంది: స్ప్రింగ్‌బాక్ లాంటి చిన్నవాటికి తూటా గొట్టం దాటేటప్పుడు కనీసం 1,350 జౌల్స్ శక్తి ఉండాలి, గెమ్స్‌బాక్, కూడూ, ఈలాండ్‌లకు 2,700, ఏనుగు, అడవిదున్నలకు 5,400. పిస్తోలుతో వేట పనికిరాదు. విదేశీ అతిథి ఒంటరిగా వేటాడటమూ కుదరదు. లైసెన్సున్న గైడు పక్కన ఉండాల్సిందే, జంతువు పేరు రాసిన పర్మిట్ చేతిలో ఉండాల్సిందే.

గైడు ఈ ఫాం యజమానే, జర్మన్ వలసదారుల మూడో తరం. పికప్ ట్రక్కును ఇక్కడ అందరూ బక్కీ అంటారు. దాని వెనక నిలబడ్డ ట్రాకర్ దమారా మనిషి. ఇంట్లో నాలుక క్లిక్కులతో పలికే ఖోయిఖోయి భాష, యజమానితో ఆఫ్రికాన్స్, అతిథులతో తగినంత జర్మన్. ఆయన దగ్గర తుపాకీ లేదు. ఉన్నదల్లా ఒక కర్ర, బూడిద నింపిన పాత మేజోడు. మేజోడును వేలితో కొడితే సన్నని పొడి లేచి గాలి ఎటు పోతోందో చూపిస్తుంది. ఆ రోజంతా నలుగురూ ఎటు నడవాలో తేల్చింది ఆ మేజోడే. నాలుగో జీవి ఒక చిన్న టెర్రియర్ కుక్క.

బక్కీ ఫాంలోని మట్టిదారి వెంట నెమ్మదిగా కదిలింది. వేట బండి మీంచి కాదు. అలా కాల్చకూడదన్నది 1974లో ఏర్పడిన నమీబియా వృత్తి వేటగాళ్ల సంఘం కట్టుబాటు. బండి జాడ వెతకడానికే. రాత్రి దారి దాటిన ప్రతి ప్రాణీ ఎర్రమట్టిలో గుర్తు వదిలిపోతుంది. ఇరవై నిమిషాలకు ట్రాకర్ అరచేత్తో కప్పు మీద రెండుసార్లు తట్టాడు.

కిందికి దిగి చూస్తే అతిథికి కనిపించినవి అడుగులే. ట్రాకర్‌కు కనిపించింది ఒక కథ. మొనదేలిన పొడుగాటి గిట్టలు, అంటే గెమ్స్‌బాక్. ఏడెనిమిది ఉంటాయి. రాత్రిపూట తిరిగే పురుగుల సన్నటి గీతలు కొన్ని అడుగుల మీదుగా పోయాయి, కొన్నిటి కింద ఉండిపోయాయి. పైన గీత ఉన్నవి పాత అడుగులు, పనికిరావు. గీతను తొక్కి చెరిపేసినవి తెల్లవారాక పడ్డవి. ఇంకాస్త దూరంలో పెంటికలు. గెమ్స్‌బాక్ మగది బాగా కిందికి కూర్చుని విసర్జిస్తుంది కనుక పెంటికలు ఒకేచోట కుప్ప పడతాయి, అది దాని సరిహద్దు ప్రకటన. ఆడవి నిలబడే వదిలేస్తాయి, గింజలు చెల్లాచెదురవుతాయి. ట్రాకర్ ఒక గింజను వేళ్ల మధ్య చిదిమి, లోపలి తడి చూసి, ఆఫ్రికాన్స్‌లో నాలుగు ముక్కలు చెప్పాడు. గైడు అతిథికి వివరించాడు: ఆడ మంద, వెంట ఒక మగది, అరగంట క్రితం, తొందరేం లేకుండా మేస్తూ పోతున్నాయి.

అక్కణ్నుంచి నడక. ముందు ట్రాకర్, వెనక గైడు, ఆ వెనక అతిథి. ఎవరూ మాట్లాడరు. వెనక్కి తిరిగిన కొక్కేల్లాంటి ముళ్లు చొక్కాను పట్టుకుంటే ముందుకు లాగకూడదు, ఒక అడుగు వెనక్కి వేసి విడిపించుకోవాలి. ఈ ముళ్లపొదలు ఇంత దట్టంగా ఎప్పుడూ లేవు. పశువులు గడ్డిని నేలమట్టంగా మేసేయడం, కార్చిచ్చులను మనుషులు ఆర్పేయడం వల్ల కొన్ని దశాబ్దాల్లో కోట్ల ఎకరాల పచ్చిక పొదల పాలైంది. వాటిని నరికి బొగ్గుగా కాల్చి ఎగుమతి చేయడం ఇప్పుడొక పరిశ్రమ. వేటగాడికి దీనివల్ల ఒకే తేడా: జంతువు కనిపించేసరికి అది వంద మీటర్ల లోపే ఉంటుంది, మనల్ని వాసన పట్టే దూరంలో.

మొదటి ప్రయత్నాన్ని ఒక పిట్ట చెడగొట్టింది. గో-అవే బర్డ్ అనే బూడిదరంగు జుట్టుపిట్ట చెట్టు చిటారున కూర్చుని, నెత్తిన ఈకలు నిక్కబొడుచుకుని, చంటిపిల్ల గారంగా ఏడ్చినట్టు గట్టిగా అరిచింది. ఆ అరుపు విన్న ప్రతి జంతువూ తల ఎత్తుతుంది. ఎనభై మీటర్ల అవతల పొదల వెనక ఒక బుస, తర్వాత గిట్టల చప్పుడు, తర్వాత దుమ్ము. అతిథి అప్పటికి కొమ్ము చివరైనా చూడలేదు. ట్రాకర్ పిట్ట వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం ఒంటెతుమ్మ నీడలో బ్రెడ్డు, చల్లబడ్డ మాంసం, టీ. తూర్పున వాటర్‌బర్గ్ ఎర్రటి గోడలా నిలబడి ఉంది, పైన బల్లపరుపు. ఇక్కడికి వచ్చే పర్యాటకులు దాని ఫొటోలు చాలానే తీసుకుంటారు. 1904 ఆగస్టులో జర్మన్ సైన్యం హెరెరో ప్రజలను చుట్టుముట్టింది ఆ కొండ పాదంలోనే. తప్పించుకున్నవాళ్లను నీళ్లు లేని ఒమహెకె ఎడారిలోకి తరిమి, వెనక్కి రాకుండా కాపలా కాశారు. వేలకు వేలు దాహంతో పోయారు. జర్మనీ దీన్ని జాతి నిర్మూలనగా ఒప్పుకున్నది 2021లో. స్వాతంత్ర్యం వచ్చిన 1990 నుంచి భూముల తిరిగి పంపిణీ మాట నడుస్తూనే ఉంది, కానీ 2018 అధికారిక లెక్కల్లో ప్రైవేటు వ్యవసాయ భూమిలో సుమారు 70 శాతం ఇంకా తెల్లవాళ్ల పేరుతోనే ఉంది. వేట ఫాంల గురించి రాసేవాళ్లు దీన్ని పక్కన పెట్టేస్తే రాసింది సగమే అవుతుంది. ఎవరి వేట, ఎవరి జంతువు అనే ప్రశ్నల కంటే ముందు ఎవరి నేల అనే ప్రశ్న ఉంది.

జంతువు ఎవరిదన్న దానికి మాత్రం నమీబియా చట్టం స్పష్టంగా జవాబిచ్చింది. 1960ల దాకా అడవి జంతువులన్నీ ప్రభుత్వానివే. పశువుల గడ్డిని తినిపోయే గెమ్స్‌బాక్ రైతుకు చీడ కింద లెక్క, కనిపిస్తే కాల్చేసేవాడు. 1967లో వచ్చిన చట్టం, దాన్ని సవరిస్తూ 1975లో వచ్చిన మరో చట్టం కలిసి కొన్ని జాతుల మీద భూయజమానికి హక్కు ఇచ్చాయి. గడ్డి తినే చీడ కాస్తా ఆదాయమిచ్చే మంద అయింది. సంఖ్య పెరిగింది. 1996లో ఇదే సూత్రాన్ని నల్లజాతి గ్రామాల ఉమ్మడి భూములకూ వర్తింపజేశారు. ఇప్పుడు అలాంటి కన్జర్వెన్సీలు 86 ఉన్నాయి, దేశంలో దాదాపు ఐదో వంతు నేల వాటి కిందే ఉంది. వేట డబ్బులో, మాంసంలో ఆ ఊళ్లకు వాటా ఉంటుంది.

తెలుగు పాఠకుడికి ఇక్కడ రోళ్లపాడు గుర్తుకు రాక మానదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడింది, ఆ కాపుదల లేకపోతే ఈపాటికి మిగిలేది కాదేమో. బట్టమేకపిట్ట కోసం పెట్టిన ఆ అభయారణ్యం చుట్టూ జింకలు పెరిగాయి, పైర్ల మీద పడ్డాయి. అక్కడి రైతుకు జింక అంటే నష్టం మాత్రమే. రెండు దేశాలూ జంతువును బతికించాయి. కాకపోతే ఒకచోట ఖర్చు రైతు నెత్తిన పడింది, ఇంకోచోట రైతు జేబులో డబ్బు పడింది. రోళ్లపాడులో తుపాకులు తిరగాలని ఎవరూ కోరుకోరు. అయినా నమీబియా పద్ధతిని ఒక్క తిట్టుతో కొట్టిపారేసేవాళ్లు ముందు ఆ పొలం గట్టు మీద ఒక రాత్రి కాపలా కాసి చూడాలి.

మూడు గంటలకు గాలి నిలకడగా తూర్పు నుంచి వీచడం మొదలైంది. ఉదయం చెదిరిన మంద ఎటు పోయి ఉంటుందో ట్రాకర్ భోజనం చేస్తూనే తేల్చుకున్నట్టున్నాడు. పాత జాడ పట్టకుండా అర్ధచంద్రాకారంలో చుట్టు తిరిగి, ఒక పెద్ద చెదలపుట్ట వెనక్కి తీసుకెళ్లాడు. మేజోడు తట్టాడు. బూడిద వాళ్ల ముఖాల మీదికే వచ్చింది. మంచిదే.

పుట్ట పక్కనుంచి చూస్తే నూటపది మీటర్ల దూరంలో తోకలు ఊగుతున్నాయి. ఇక్కణ్నుంచి పది నిమిషాలు ఎవరూ కదల్లేదు. గైడు మూడు కాళ్ల కర్ర నిలబెట్టాడు, అతిథి దానిమీద రైఫిల్ ఆనించాడు. అన్నిటికంటే పొడుగు కొమ్ములది ఎడమవైపు నిలబడి ఉంది. అతిథి గొట్టం అటు తిప్పాడు. గైడు తల అడ్డంగా ఊపాడు. దాని పొట్ట పక్కన దూడ ఉంది.

"వెనకాల ఉన్నది చూడండి, కుడి కొమ్ము మొన మొద్దుబారింది" అన్నాడు చెవి దగ్గర. "ముసలిది. కానీ దాని వెనక ఇంకోటి నిలబడింది. ఆగండి."

ఆగాలి, ఎందుకంటే ఇంత దగ్గర్నుంచి తూటా ఒక ఒంట్లోంచి దూసుకుపోయి రెండో దానికి తగలొచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. గెమ్స్‌బాక్ భుజాల మీద మూపురంలా ఎత్తు ఉంటుంది, దాన్ని చూసి ఒంటి మధ్య ఎక్కడో అంచనా తప్పి చాలామంది పైకి కాలుస్తారు. గుండె బాగా కిందుంటుంది, ముందుకాళ్ల నడుమ. రాత్రి భోజనాల దగ్గర గైడు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది ఇదే.

వెనకది రెండడుగులు వేసి పక్కకు జరిగింది.

"ఇప్పుడు."

పేలుడు, ఎగిరిన దుమ్ము, అన్నీ ఒక్కసారే పరుగు. ముసలిది వెనకకాళ్లు గాల్లోకి విదిల్చి మందతో పాటే పొదల్లోకి దూరింది. అతిథి ఇంకో తూటా ఎక్కించుకుని ముందుకు పరిగెత్తబోయాడు. గైడు భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. తగిలిందో లేదో ఎవరూ అనలేదు. పది నిమిషాలు కూర్చున్నారు. వెంటబడితే గాయపడ్డది మైళ్లు పోతుంది, వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. ఈ పది నిమిషాల్లో డబ్బు సంగతి కూడా గుర్తొస్తుంది. నెత్తురు చుక్క పడితే చాలు, జంతువు దొరకకపోయినా ట్రోఫీ రుసుం మొత్తం కట్టాలి. ఈ ఫాంలలో రాతపూర్వకంగా ముందే ఒప్పుకునే షరతు అది.

తూటా తగిలిన చోట ట్రాకర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. గడ్డిపోచ మీద లేత గులాబీ రంగు నురగ, చిన్నచిన్న బుడగలతో. ఊపిరితిత్తులు. ముదురు ఎరుపైతే కాలేయం, ఆకుపచ్చ కలిస్తే పేగులు, అప్పుడు రాత్రి దాకా నడకే. ఆయన వేలు చూపించాడు, కుక్కను వదిలారు. నూటయాభై మీటర్లు కూడా పోలేదు, పొద కింద కుక్క మొరిగింది.

దగ్గరికి వెనక నుంచే పోయారు. చచ్చిందనుకున్న గెమ్స్‌బాక్ తల ఒక్కసారి విసిరితే ఆ కొమ్ములు మనిషిలోంచి బయటికి వస్తాయి, సింహాలు కూడా వాటికి బలైన సందర్భాలున్నాయి. ట్రాకర్ కర్ర మొనతో కంటిని తాకాడు. రెప్ప కదల్లేదు.

తర్వాత జరిగింది ఆఫ్రికాది కాదు, జర్మన్ అడవులది. గైడు తుమ్మకొమ్మ ఒకటి విరిచి జంతువు నోట్లో పెట్టాడు, దాని చివరి మేత. ఇంకో కొమ్మను నెత్తుటికి తాకించి టోపీ మీద ఉంచి అతిథికి అందించాడు. అతిథి టోపీ తీసి నిలబడ్డాడు. వలసతో పాటు వచ్చిన ఈ ఆచారం నమీబియా ఫాంలలో ఇంకా బతికే ఉంది. ట్రాకర్ ఈ తంతు అయ్యేదాకా కాస్త దూరంగా నిలబడి కుక్క కాలిలో ముల్లు తీశాడు.

ఇక ఫొటో. నెత్తురు తుడిచి, నాలుక లోపలికి తోసి, చుట్టూ గడ్డి పీకి, తల ఎత్తి నిలిపి, వేటగాణ్ని వెనక కూర్చోబెట్టారు. 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర చంపిన పులితో కర్జన్ దంపతులు దిగిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. రాజా దీన్‌దయాళ్ పేరుతో ప్రసిద్ధమైన చిత్రం. నూటపాతికేళ్లలో ఈ ఫొటో వరస మారలేదు: వేటగాడు, జంతువు, తుపాకీ. అడవిలో జాడ తీసినవాళ్లు ఫ్రేములో ఉండరు, ఉన్నా కింద పేరుండదు. ఇక్కడ అతిథి పిలిచాడు, ట్రాకర్ వచ్చి ఒక చివర నిలబడ్డాడు. రెండో ఫొటోలో.

టేపు పెట్టి కొలిస్తే కొమ్ము 38 అంగుళాలు. 1892లో మొదలైన రోలాండ్ వార్డ్ రికార్డు పుస్తకంలోకి ఎక్కాలంటే గెమ్స్‌బాక్‌కు 40 కావాలి. అతిథి ముఖం కొంచెం చిన్నబోయింది. గైడు కింది దవడ తెరిచి దంతాలు చూపించాడు, దాదాపు చిగుళ్ల దాకా అరిగిపోయి ఉన్నాయి. ఇంకో కరువు వస్తే మేయలేక చచ్చేది. అతిథి ఆ మాట విన్నాడు గానీ, టేపును ఇంకోసారి పెట్టి చూశాడు.

కరువు మాట ఇక్కడ ఊరికే అనేది కాదు. 2024లో ఎల్‌నినో కరువు ముదిరినప్పుడు ప్రభుత్వమే 723 అడవి జంతువులను చంపి ప్రజలకు మాంసం పంచాలని నిర్ణయించింది. అందులో 300 జీబ్రాలు, 83 ఏనుగులు, 100 ఈలాండ్‌లు ఉన్నాయి. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. ఓచివరోంగోలో పెద్ద చర్చేం జరగలేదంటారు ఇక్కడివాళ్లు. అడవి మాంసం వాళ్లకు రోజూ తినేదే.

ఆ సంగతి ఫాం వెనకున్న కోత కొట్టంలో కళ్లారా చూడొచ్చు. బక్కీ వించితో లోపలికి లాగిన జంతువును గొలుసులకు వేలాడదీసి, గంటలోపు తోలు తీసి, ముక్కలు చేశారు. కాలేయం, పేగులు, బోటీ పనివాళ్ల ఇళ్లకు. నడుము మాంసం రాత్రి అతిథుల నిప్పుల మీదికి. తొడలు పొడుగ్గా చీల్చి బిల్టాంగ్‌కు. రాయలసీమలో, తెలంగాణలో ఒట్టి తునకలు తిన్నవాళ్లకు బిల్టాంగ్ కొత్తేం కాదు, ఇక్కడ ఉప్పు, మిరియాలకు తోడు వెనిగర్ పోస్తారు, వేయించి దంచిన ధనియాలు దట్టిస్తారు. చలికాలపు పొడిగాలికి నీడలోనే నాలుగైదు రోజుల్లో ఎండిపోతుంది. తోలుకు ఉప్పు పట్టించారు. పుర్రెను ఉడకబెట్టి శుభ్రం చేసి, పశువైద్యుల పరీక్షలయ్యాక జర్మనీ పంపుతారు, దానికి నెలలు పడుతుంది. అతిథికి దక్కేది అదొక్కటే. మాంసం ఒక్క ముక్క కూడా దేశం దాటదు.

ఈ గొడ్డలి చప్పుళ్లకు కాస్త అవతల, ఊరికి తూర్పున, 1990లో మొదలైన చీతా సంరక్షణ కేంద్రం ఉంది. 2022 సెప్టెంబరు 17న మన దేశంలోని కూనో పార్కులో దిగిన ఎనిమిది చీతాల ప్రయాణం వెనక ఈ సంస్థ ఉంది. నమీబియా చీతాల్లో ఎక్కువ భాగం అభయారణ్యాల్లో కాదు, ఇలాంటి ఫాంలలోనే తిరుగుతాయి, గెమ్స్‌బాక్ దూడల్ని కూడా తింటాయి. వేట రుసుం కోసం ఫాంలో జింకజాతిని పెంచే యజమానికి చీతా పోటీదారు, సందు దొరికితే కాల్చే శత్రువు. అలా కాదు, అడవి ఆహారం పుష్కలంగా ఉంటేనే చీతా పశువుల జోలికి రాదని రైతులను ఒప్పించడం ఆ కేంద్రం పనుల్లో ఒకటి.

రాత్రి నిప్పు చుట్టూ కూర్చున్నప్పుడు గైడు రిజిస్టరులో రాసుకున్నాడు: తేదీ, పర్మిట్ నంబరు, గెమ్స్‌బాక్, ఆడ, వేటగాడి పేరు. ట్రాకర్‌కు గడి లేదు. అతిథి రెండో గ్లాసు వైను పోసుకుని, రేపు కూడూ మగదాన్ని చూపించమన్నాడు. మెలికలు తిరిగిన ఆ కొమ్ముల కోసమే చాలామంది ఈ దేశం వస్తారు.

"ఈ ఏడు మా ఫాంలో కూడూ వేట లేదు" అన్నాడు గైడు. "పక్క ఫాంలో మళ్లీ రేబిస్ వచ్చింది."

అతిథి నమ్మలేదు. కుక్కకాటు జబ్బు ఆకులు మేసే జంతువుకు ఎలా వస్తుందని అడిగాడు. నమీబియాలో 1977లో మొదలైన వ్యాప్తిలో వేలకొద్దీ కూడూలు చచ్చాయి, కాటు లేకుండానే, ఒకదాని ఉమ్మి నుంచి ఇంకోదానికి అంటుకుంటుందని పరిశోధకుల అనుమానం. జబ్బు సోకిన కూడూ మనిషిని చూసి బెదరదు, నోట చొంగతో ఇళ్ల ముంగిట్లోకి నడిచి వస్తుంది. గైడు తన చిన్నప్పుడు అలా వంటింటి గుమ్మం దాకా వచ్చిన ఒకదాని గురించి చెప్పాడు. మిగిలిన నాలుగు మగవాటినీ వదిలేయాలని నిర్ణయించుకున్నానన్నాడు. కావాలంటే ఎర్ర హార్ట్‌బీస్ట్ చూపిస్తానన్నాడు, ధర కొంచెం తక్కువే. అతిథి కాసేపు లెక్కలేసుకుని, దాని కొమ్ములు ఎన్ని అంగుళాలుంటాయని అడిగాడు.